మతాన్సాస్‌లో నేను కొట్టిన కొబ్బరికాయ

ఒక మాట చాలా ఏళ్లుగా నాలో ఉండిపోయింది. అన్నం తింటున్నప్పుడు ఉంది. పెళ్లి భోజనాలకు పెద్ద గిన్నెల్లో గరిటె తిప్పుతున్నప్పుడూ ఉంది. గొంతులో చేపముల్లు దిగినట్టు. మింగితే పోదు, దగ్గితే రాదు. మరిచిపోయి నవ్వబోతే గుచ్చుతుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. సొంతవాళ్లకు చెప్పాల్సిన మాట వాళ్లకు చెప్పే ధైర్యం చాలక ముందు మీకు చెబుతున్నాను. వినండి.

ఏడుస్తూ మాత్రం రాయడం లేదు. నేను గర్వం గల మనిషిని. ఈ పని చేసినప్పుడూ గర్వంతోనే చేశాను, ఇప్పుడు రాస్తున్నదీ గర్వంతోనే. ఇవి నా చేతి అక్షరాలు. యాభై దాటేదాకా నాకు అ, ఆలు రావు. మేముండేది అమెరికాలో, మిషిగన్‌లో. మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పే క్లాసు ఉంది. అక్కడికి పులిహోర, పకోడీలు చేసి పట్టుకెళ్లేదాన్ని. గిన్నెలు తిరిగి తెచ్చుకోవాలి కదా అని చివరి వరసలో కూర్చునేదాన్ని. కూర్చుని కూర్చుని, ఒక రోజు నేనూ పలక లాంటి ఆ తెల్లబోర్డు అడిగి పుచ్చుకున్నాను. పక్కనున్న ఎనిమిదేళ్ల పిల్ల నా బోర్డు చూసి, "ఆంటీ, మీ 'ఝ'కి టెయిల్ మిస్సింగ్" అంది. తోక పెట్టాను. ఇప్పుడు ఎవరి 'ఝ'కీ నా 'ఝ' తీసిపోదు.

అక్షరాలు రాకముందు నాకొక సాకు ఉండేది. చదువు లేనిదాన్ని, ఆ దూరదేశం మనుషులకు ఏమని చెప్పగలను, ఎలా చెప్పగలను అనుకునేదాన్ని. అక్షరాలు వచ్చాయి. సాకు పోయింది. పోయాక కూడా ఇన్నాళ్లు ఆగాను. ఎందుకు ఆగాను? అది కూడా చెబుతాను.

మా అమ్మాయి రమ్య ఇక్కడే పుట్టింది. మా ఆయన రెస్టారెంట్‌లో వంటపనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఇంట్లోంచి క్యాటరింగ్ చేసేదాన్ని. రమ్య చిన్నప్పటి నుంచీ స్కూలు కాగితాలైనా, డాక్టర్ దగ్గర కాగితాలైనా నా బదులు అదే నింపేది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి నింపేది. ఏమీ అనేది కాదు. అననిది కూడా తల్లికి తెలుస్తుంది. తన స్నేహితుల తల్లులు ల్యాప్‌టాప్ బ్యాగులతో వచ్చేవాళ్లు. నేను పసుపు మరకల చేతులతో వెళ్లేదాన్ని.

రమ్య యూనివర్సిటీలో ప్రజారోగ్యం చదువుతున్నప్పుడు క్యూబా వెళ్లే అవకాశం వచ్చింది. అక్కడి పేటల్లో చిన్న చిన్న వైద్యశాలలు ఎలా నడుస్తాయో చూసి రావాలి. "అమ్మా, నువ్వు కూడా రా. నువ్వు కిచెన్ తప్ప ఏం చూడలేదు" అంది. అది నన్ను పక్కన పెట్టుకుని తిరుగుతానని తనంతట తాను అనడం అదే మొదటిసారి. వెళ్లాను.

మతాన్సాస్ అని ఒక ఊరు. సముద్రం, నదులు, వాటి మీద వంతెనలు. అక్కడ మామూలు కుటుంబాలే తమ ఇంట్లో ఒకటో రెండో గదులు వచ్చిపోయేవాళ్లకు ఇస్తాయి. వీధి తలుపు మీద నీలం రంగు గుర్తు ఉంటుంది. మేం దిగింది మిర్తా ఇంట్లో. ముందు గదిలో ఎదురెదురుగా ఊగే కుర్చీలు. మధ్యలో మా గది. వెనక పెరడు, నీళ్ల డ్రమ్ము, బట్టల తీగ, వంటిల్లు. మిర్తాకు అరవై దాటాయి, భర్త లేడు. ఒక్కడే కొడుకు, ఒస్మాని. అతను అప్పుడు హవానాలో ఆసుపత్రిలో ఉన్నాడు, గుండెకు ఆపరేషన్. ఇంట్లో కోడలు దయామీ ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. సన్నటి పిల్ల, గబగబా నడిచేది. ఆపరేషన్ ముందు రోజు భర్త దగ్గరికి వెళ్లడానికి సంచి సర్దుకుని పెట్టుకుంది.

అత్తాకోడళ్లకు ఒక్క విషయంలో పడదు. దేవుడి విషయంలో. మిర్తా పెరటి తలుపు వెనక ఒక మూల దేవుణ్ణి పెట్టుకుంది. మట్టి మూకుడులో ఒక రాయి, దానికి గవ్వల కళ్లు. ముందు చాక్లెట్లు, నీళ్ల గ్లాసులు. ఆఫ్రికా నుంచి వచ్చిన తాతముత్తాతల నాటి పూజట. దయామీ కొత్తగా చర్చికి వెళ్తోంది. ఆ చర్చివాళ్లు ఇవన్నీ ఇంట్లోంచి తీసెయ్యమంటారట. ఆ పిల్ల తియ్యలేదు. కానీ ఆ మూల ఊడ్చేదీ కాదు.

నాకు ఆ మూల చూడగానే మనసు నిండింది. గవ్వల కళ్ల రాయి. మా తుని వైపు పొలిమేరల్లో ఇలాంటి అమ్మవార్లు ఎందరు లేరు! వెళ్లిన రోజే దండం పెట్టుకున్నాను. మిర్తా చూసి నా చెయ్యి పట్టుకుంది. మాటలు లేకుండానే కలిసిపోయాం. ఆ మూకుడు పక్కన తెల్లటి పళ్లెంలో ఒక కొబ్బరికాయ ఉండేది. దానికి సున్నం లాంటిది పూసి ఉంది.

కొన్నాళ్లు గడిచాయి. చప్పటి బీన్స్, అన్నం, గుడ్లు. నాలుక చచ్చిపోయింది. మిర్తా దగ్గర బొబ్బర్లు కనిపించాయి. రేపు పొద్దున నేను వండి పెడతానని రమ్యతో చెప్పించాను. రమ్య ముఖం వెలిగింది. స్పానిష్‌లో చెప్పి, మళ్లీ నాకు తెలుగులో చెప్పింది: "మా అమ్మ మిషిగన్‌లో బెస్ట్ కుక్ అని చెప్పా." పాతికేళ్లలో దాని నోటి నుంచి నా గురించి అలాంటి మాట నేను వినలేదు.

ఆ పొద్దున మిర్తా రొట్టెల క్యూలోకి వెళ్లింది. రమ్య ఇంకా లేవలేదు. దయామీ స్నానం చేస్తోంది. రాత్రే నానేసిన బొబ్బర్ల పొట్టు తీసి రుబ్బాను. గారెల్లోకి చట్నీ కావాలి. ఎండుమిరపకాయలు, చింతపండు, ఆవాలు, కొబ్బరి కారప్పొడి పొట్లం నా పెట్టెలో ఉన్నాయి. పచ్చి కొబ్బరి లేదు. పెరటి తలుపు వెనక ఉంది.

దేవుడి దగ్గర పెట్టిన కాయ మనకు ప్రసాదం. పూజ అయ్యాక తినకుండా ఎండబెట్టుకుంటేనే పాపం. మా ఇంట్లో శనివారం కొట్టిన కాయ ఆదివారం పచ్చడయ్యేది. పసుపు, కుంకుమ కడిగేసినట్టే ఆ సున్నం కూడా పీచు పెట్టి తోమేశాను. కళ్లకద్దుకున్నాను. గడప రాతికి కొట్టాను. ఒక్క దెబ్బకు సమంగా రెండు చిప్పలయింది. శుభమే అనుకున్నాను. చిప్పలు చెత్త బస్తాలో వేశాను. చెత్త బండివాడు వచ్చి ఆ బస్తా ఎత్తుకుపోయాడు.

గారెల సంగతి చెప్పనివ్వండి. నా జన్మలో అంత మంచి గారెలు చెయ్యలేదు. పైన కరకర, లోపల దూది. మిర్తా ఒకటి కొరికి కళ్లు మూసుకుంది. వాళ్ల అమ్మమ్మ ఈ పప్పుతోనే ఇలాంటివి చేసేదట, తిని ఎన్నేళ్లయిందో అంది. చట్నీ వేలితో తుడిచి నాకింది. దయామీ ఘాటుకు కన్నీళ్లు పెట్టుకుంటూ, నవ్వుకుంటూ, ఇంకో గారె తీసుకుంది. నన్ను చూసి మిర్తా చప్పట్లు కొట్టింది. రమ్య నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. అప్పుడు నేను ఎంత పొడుగ్గా నిలబడ్డానో మీరు చూడాల్సింది.

మధ్యాహ్నం పెరట్లోంచి అరుపు వినిపించింది.

మిర్తా ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడింది. ఏమంటోందో నాకు తెలియదు, చెయ్యి కోడలి వైపు ఉంది. రమ్య అప్పటికప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఒస్మాని ఆసుపత్రికి వెళ్లే ముందు ఆ కాయతో తల నుంచి పాదాల దాకా తిప్పి తీశారట. అతని జబ్బంతా ఆ కాయ పట్టుకుంటుందట. ఆపరేషన్ అయ్యి అతను కళ్లు తెరిచేదాకా దాన్ని కదపకూడదట.

దిష్టి! మనం తీసే దిష్టే. దేవుడి కాయ తింటాం గానీ దిష్టి కాయ తింటామా? మూడు దారులు కలిసే చోట పగలగొట్టి వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. ఆ కాయ నేను అందరికీ వడ్డించాను. అతని తల్లికీ, భార్యకూ, నా కూతురికీ.

దయామీ అంటోంది: "నేను ముట్టుకోలేదు. నా దేవుడి మీద ఒట్టు."

మిర్తా అంటోంది: "నీ దేవుడే కదా ఇవన్నీ తీసి పారెయ్యమంది!"

అప్పుడు మిర్తాకు ఏదో గుర్తొచ్చింది. నా వైపు తిరిగి, మెల్లగా రమ్యతో ఏదో అంది. రమ్యకు అడగడం ఇష్టం లేదని దాని ముఖమే చెబుతోంది.

"అమ్మా, డోంట్ గెట్ మ్యాడ్. పొద్దున చట్నీలో కోకోనట్ ఉంది కదా. అది ఎక్కడిది?"

"మన కొబ్బరి కారప్పొడి తెచ్చాం కదే. అదే కలిపాను."

"ఆ కాయ నువ్వు టచ్ చెయ్యలేదు కదా?"

"దేవుడి దగ్గర కాయ నాకెందుకే? రోజూ దీపం పెట్టుకునేదాన్ని, నాకు తెలీదా?"

"సారీ అమ్మా. ఆవిడ అడగమంది."

సారీ అంది. నాకు. అంతటితో ఆగానా? లోపలికి వెళ్లి, పెట్టెలోంచి కారప్పొడి పొట్లం తెచ్చి మిర్తా చేతికిచ్చాను. ఎవరూ అడగలేదు. నేనే తెచ్చాను. మిర్తా వాసన చూసింది. కొబ్బరి వాసన వచ్చింది. అనుమానించినందుకు సిగ్గుపడి నా చెంప మీద ముద్దు పెట్టింది. రమ్య ఆవిడతో గట్టిగా ఏదో చెప్పింది. ఏమన్నావే అని తర్వాత అడిగితే, "మా అమ్మ దేవుడి వస్తువు అడగకుండా ముట్టుకోదు, ఐ నో హర్ అని చెప్పా" అంది.

నా అబద్ధం నా నోట్లో పుట్టి నా కూతురి నోట్లోంచి బయటికి వెళ్లింది. దాని నోట్లో అది అబద్ధం కూడా కాదు. నమ్మకం.

ఇక మిగిలింది దయామీ ఒక్కతే.

మిర్తా కొడుక్కి ఫోన్ చేసింది. నీ పెళ్లాం నీ ప్రాణం తీసి చెత్తలో పడేసింది అని చెప్పింది. ఆపరేషన్ బల్ల ఎక్కబోయే మనిషి. భయం ఎవరికి ఉండదు? భార్యను రావద్దన్నాడట. సాయంత్రానికి దయామీ అదే సంచి పట్టుకుని బయల్దేరింది. హవానాకు కాదు. దేశానికి ఆ చివర ఉన్న పుట్టింటికి.

వెళ్లే ముందు మా గది దగ్గరికి వచ్చింది. వాళ్ల పద్ధతిలో చెంపకు చెంప ఆనించింది. నేను కొయ్యబొమ్మలా నిలబడ్డాను. ఆ పిల్ల ఏదో అంటే రమ్య తెలుగులో చెప్పింది: "గారెలు బాగున్నాయంట అమ్మా. టూ పీసెస్ కట్టుకుందంట. బస్‌లో తింటుందంట."

అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క మాట. రమ్యా, ఆ పిల్లను ఆపు. అంతే. ఆ మాటకు చదువు అక్కర్లేదు. నేను చెప్పలేదు. వీధి మలుపు దాకా ఆ పిల్ల నడవడం కిటికీ ఊచల్లోంచి చూశాను. గబగబా నడిచే పిల్ల ఆ రోజు నెమ్మదిగా నడిచింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మిర్తా ఏడ్చింది, నన్ను వాటేసుకుంది. "నా కోడలు దగ్గర లేదు కాబట్టే బతికాడు" అంది. అదీ ఆవిడ లెక్క. కాయ పోయినా కొడుకు బతికాడే, కాయకూ బతుకుకూ సంబంధం లేదేమో అని ఆవిడకు తోచలేదు. తోచేలా చెప్పడానికి అక్కడ ఎవరున్నారు? నేనున్నాను. ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక చాలా ఏళ్లు నాకు నేను ఒక కథ చెప్పుకున్నాను. తెలియక చేశాను, మన ఆచారం వేరు, వాళ్ల ఆచారం వేరు, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మొదటిసారి రాయడానికి కూర్చున్నప్పుడు కూడా అదే రాశాను. రాసింది చదువుకుంటే అది నిజంలా కనిపించలేదు. నోటితో చెప్పుకున్నప్పుడు దొరకని అబద్ధం కాగితం మీద కనిపించింది. ఆ కాగితం చింపేశాను.

నిజం ఇది. మేమున్న ప్రతి పొద్దునా మిర్తా ఆ కాయ దగ్గర వంగి, మెల్లగా ఏదో చెప్పి, పళ్లెం సరిచేసి వెళ్లడం నేను చూశాను. పూజ అయిపోయిన కాయతో ఎవరూ మాట్లాడరు. అది ఇంకా పనిలో ఉన్న కాయ అని నాకు తెలుసు. దిష్టి కాయ అని తెలియదు, అది ఒట్టు. కానీ ముట్టుకోకూడనిదని తెలుసు. మిర్తా రొట్టెలు తీసుకుని వచ్చేదాకా ఆగి అడిగితే వద్దంటుందని కూడా తెలుసు. అందుకే ఆగలేదు. చట్నీ లేకుండా గారెలు పెడితే అవి ఉత్త గారెలే. మిషిగన్‌లో బెస్ట్ కుక్ ఉత్త గారెలు పెడుతుందా?

చూశారా, ఎంత చిన్న కారణమో. ఆకలి కాదు, అవసరం కాదు. నా కూతురు నన్ను చూసి గర్వపడుతున్న ఆ ఒక్క పొద్దున్ని కొబ్బరి లేక పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. తర్వాత అబద్ధం ఆడిందీ దానికే. రమ్య కళ్లలో నేను మళ్లీ పసుపు చేతుల మనిషిని అవుతానని. ఒక తల్లి తన కూతురి ముందు తల ఎత్తుకోవడానికి ఇంకో తల్లి కన్న పిల్లను ఇంట్లోంచి పంపించేసింది. ఇలా రాస్తే ఎంత తేలిగ్గా ఉందో. ఇన్నేళ్లూ ఎందుకు రాయలేకపోయాను?

రమ్య అప్పుడప్పుడూ మిర్తాతో ఫోన్‌లో మాట్లాడేది. ఒకసారి వంటింట్లో నా వెనక నిలబడి, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది: "ఒస్మానికి మళ్లీ పెళ్లయిందంట అమ్మా. ఆ ఫస్ట్ వైఫ్ లేదూ, కోకోనట్ పారేసింది, ఆ అమ్మాయి మళ్లీ రాలేదంట." కోకోనట్ పారేసింది. నా కూతురి తలలో దయామీ అంటే అదే. ఎక్కడో దూరంగా ఉన్న ఒక పిల్లకు నేను పెట్టిన పేరు నా వంటింట్లోనే తిరుగుతోంది. ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి సరిపోయింది.

మనం ఇక్కడ పరాయి దేశంలో ఎన్ని మాటలు పడలేదు? కూర వాసన అన్నారు, నా ఇంగ్లిష్ చూసి నవ్వారు. చెయ్యని తప్పుకు మాట పడడం ఎంత మండుతుందో నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఆ మంట ఇంకొకరికి పెట్టాను. దీనికి నేను ఏ శిక్షా వేసుకోలేదు. ఉపవాసాలు ఉండలేదు, మొక్కులు మొక్కలేదు. అవన్నీ దేవుడితో బేరాలు. నేను తప్పు చేసింది దేవుడికి కాదు.

ఇప్పుడు రమ్యకు ఇద్దరు పిల్లలు. మంచి ఉద్యోగం. నన్ను తన ఆఫీసువాళ్లకు పరిచయం చేస్తూ, మా అమ్మ యాభై దాటాక చదవడం నేర్చుకుంది అని చెబుతుంది. ఆ మాట నాకు ఎంత బాగుంటుందో దాచను. ఆ గర్వం నాది, కష్టపడి సంపాదించుకున్నది. దాన్ని నేను తిరిగి ఇవ్వను. కానీ మతాన్సాస్‌లో చట్నీ కోసం దొంగిలించిన గర్వం ఒకటుంది. అది తిరిగి ఇచ్చేయాలి. రెండూ ఒకే చేతిలో పట్టుకుని ఉండలేకపోతున్నాను.

రమ్యకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. కాబట్టి ఇది నేనే పైకి చదివి వినిపించాలి. కాగితాలన్నీ తనచేతే నింపించుకున్న తల్లి ఇప్పుడు తనకు చదివి వినిపిస్తుంది. వచ్చే శనివారం పిల్లలను దింపడానికి వస్తుంది. అప్పుడు. తర్వాత మిర్తాకు ఫోన్ చెయ్యమంటాను. నా అబద్ధాన్ని నమ్మి చెప్పింది అదే కాబట్టి నిజం కూడా ఆవిడ భాషలో అదే చెప్పాలి. చెబుతుందో, ఫోన్ విసిరేస్తుందో. దయామీకి ఎలా చేర్చాలో నాకు ఇంకా తెలియదు. చేరినా ఆ పిల్లకు పోయింది ఏదీ తిరిగి రాదు. ఆ సంగతి దాచి మిమ్మల్ని మభ్యపెట్టను.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. మీ చేతుల్లో అది లేదు. మీరు విన్నారు, చాలు.

ఆ కాయ తీసింది నేను. దయామీ కాదు.

పొద్దుటి నుంచీ ఈ రెండు ముక్కలు రాయడానికే కూర్చున్నాను. రాశాను.